రాజు ఉప్పు తిన్న హాలికుడు

మా నాన్నగారు తెలుగు పండితులు. పోతన పేరెత్తితే ఆయన కంఠం మారిపోయేది. రాజులకు కృతినివ్వనని, నాగలిని నమ్ముకుని, భాగవతాన్ని రాముడికే అంకితమిచ్చిన ఆ హాలికుడి కథ మా ఇంట్లో ఎన్నిసార్లు వినబడిందో లెక్కలేదు. శ్రీనాథుడి పాండిత్యాన్నీ కనకాభిషేకాన్నీ నోరారా చెప్పి, చివర్న "మరి ఆఖరి రోజుల్లో ఏమైంది?" అని ఒక్క ప్రశ్న వేసి ఊరుకునేవారు. జవాబు మాకు తెలుసని ఆయనకు తెలుసు.

నేను చదువు ముగించి, ఒక కార్యాలయంలో జీతానికి అనువాదాలు చేసే పనిలో చేరినప్పుడు ఆయన కాదనలేదు. "మంచిదే" అన్నారు. కాసేపాగి, "కానీ అది నీ రాత కాదురా, వాళ్ళ రాత" అన్నారు. ఆ మాట ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది. ఆరేళ్ళపాటు పాఠాలు, కరపత్రాలు, నిబంధనలు తెలుగు చేశాను. వారం రోజులు ఆలోచించి పెట్టిన ఒక తేలికైన తెలుగు మాటను పై అధికారి ఎర్ర సిరాతో కొట్టేసి, దాని స్థానంలో ఎవరికీ అర్థంకాని సంస్కృత సమాసాన్నో, తెలుగు లిపిలో రాసిన ఇంగ్లీషు మాటనో కూర్చోబెట్టిన ప్రతిసారీ, నాన్నగారన్నదే నిజం కాబోలు అనుకునేవాణ్ణి.

ఆ రోజుల్లోనే, ఏదో పదం కోసం వెతుకుతూ ఉంటే ఒక పేరు తగిలింది. మికాయెల్ అగ్రికోలా. పదహారవ శతాబ్దపు ఫిన్లాండ్ బిషప్పు. లాటిన్‌లో అగ్రికోలా అంటే సేద్యగాడు, అంటే హాలికుడే! అయితే ఈ హాలికుడు రాజును కాదనలేదు. బతికినంతకాలం రాజు కొలువులోనే ఉన్నాడు, రాజు పని మీద వెళ్ళి తిరిగివస్తూ దారిలోనే కన్నుమూశాడు. అయినా ఆయన పోయిన ఏప్రిల్ 9వ తేదీని ఫిన్లాండ్ ప్రజలు తమ భాషా దినంగా జరుపుకుంటారు. ఈ చిక్కుముడి నన్ను పట్టుకుంది. అప్పటినుంచి ఆయన్ని గురించి దొరికినదల్లా చదువుతూ వచ్చాను.

*

ఆ కాలంలో ఫిన్లాండ్ ఒక దేశం కాదు, స్వీడన్ రాజ్యంలో తూర్పు భాగం. దొరల భాష స్వీడిష్. గుడి భాష లాటిన్. పట్టణాల్లో వర్తకుల నోట స్వీడిష్‌తో పాటు జర్మన్ కూడా వినబడేది. పల్లెల్లో, అడవుల్లో, సరస్సుల ఒడ్డున అత్యధికులు మాట్లాడే ఫిన్నిష్‌కు మాత్రం పుస్తకమనేది లేదు. పాటలున్నాయి, సామెతలున్నాయి, మంత్రాలున్నాయి. అచ్చయిన పుట ఒక్కటీ లేదు.

అగ్రికోలా 1510 ప్రాంతంలో దక్షిణ తీరాన పెర్నయా దగ్గర టోర్స్‌బీ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి కలిగిన రైతు. ముగ్గురు ఆడపిల్లలు, ఈయన ఒక్కడే కొడుకు. అది స్వీడిష్ మాట్లాడే ప్రాంతం కావడంతో ఆయన మాతృభాష ఏదన్న విషయమై పండితులు నేటికీ వాదించుకుంటూనే ఉన్నారు. వీపురి పట్టణంలో బడికి వెళ్ళినప్పుడు అగ్రికోలా అనే లాటిన్ ఇంటిపేరు పెట్టుకున్నాడు. చదువుకున్నవాళ్ళంతా లాటిన్ పేర్లు తగిలించుకునే కాలమది. గొప్ప పేర్లెన్నో ఉండగా తండ్రి వృత్తినే ఎంచుకోవడం నాకు నచ్చింది.

ఇక రాజు సంగతి. 1523లో స్వీడన్ సింహాసనమెక్కిన గుస్తావ్ వాసాకు అప్పులు మెండు, ఆదాయం తక్కువ. దేశంలో సిరి ఉన్న చోటు చర్చి. 1527లో వెస్తెరోస్‌లో జరిగిన సభలో చర్చి ఆస్తులను రాజు వశం చేశారు. దేవుని వాక్యాన్ని స్వచ్ఛంగా బోధించాలని కూడా ఆ సభలోనే తీర్మానించారు. ఆస్తికీ వాక్యానికీ అలా ఒకేచోట ముడి పడింది. మరుసటి ఏడు, 1528లో, టుర్కు బిషప్పుల కూసిస్తో కోటను పడగొట్టమని రాజాజ్ఞ అయింది. పోపు అనుమతితో నిమిత్తం లేకుండా రాజు మార్టిన్ స్కుట్టే అనే వృద్ధ సన్యాసిని టుర్కు బిషప్పుగా నియమించాడు. పద్దెనిమిదేళ్ళ అగ్రికోలా టుర్కుకు వచ్చింది ఆ ఏడాదే. స్కుట్టే దగ్గర లేఖకుడిగా కుదిరాడు. కోట రాళ్ళు ఊడదీస్తున్న కాలంలో ఆయన కలం పట్టాడన్నమాట.

స్కుట్టే పాత పద్ధతి మనిషే అయినా కొత్త చదువుకు అడ్డు చెప్పలేదు. కుర్రవాళ్ళను ఎంచి జర్మనీలోని విట్టెన్‌బెర్గ్‌కు, లూథర్ దగ్గరికి పంపించాడు. 1536లో అగ్రికోలా వంతు వచ్చింది. అక్కడ లూథర్, మెలాంక్తన్‌ల ఉపన్యాసాలు విన్నాడు. చేతిలో డబ్బు ఆడక, ఆదుకోమంటూ గుస్తావ్ వాసాకు జాబులు రాశాడు. చదువు కోసం రాజు ముందు చేయి చాచడం! ఆ సంగతి చదివినప్పుడు నాన్నగారు గుర్తొచ్చి నవ్వుకున్నాను. అయితే ఆ జాబుల కాలంలోనే, 1537 ప్రాంతంలో, ఆయన కొత్త నిబంధనను ఫిన్నిష్‌లోకి తేవడం మొదలుపెట్టాడు. ఒక చేత్తో అర్జీ, మరో చేత్తో అనువాదం. 1539లో పట్టా పుచ్చుకుని, రాజుకు చూపించుకోవడానికి లూథర్, మెలాంక్తన్ ఇచ్చిన సిఫారసు లేఖలతో ఇల్లు చేరాడు.

*

వచ్చీ రాగానే టుర్కు పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడయ్యాడు. ఆ పని ఆయనకేమంత ఇష్టం లేదట. మచ్చికకాని మృగాల్లాంటి పిల్లలని విసుక్కున్నాడని చెబుతారు. బడిపంతుళ్ళ పిల్లలం, ఆ విసుగు మాకు పరిచయమే! రాత్రిళ్ళు మాత్రం అనువాదం సాగేది.

ఇక్కడొక మాట చెప్పాలి. ఆశ్రయమిచ్చిన రాజు ఎలాంటివాడో తెలియకపోతే అగ్రికోలా సాహసం ఎంతటిదో తెలియదు. స్వీడన్‌లో సంస్కరణకు ఆద్యులైన ఒలావుస్ పెట్రి, లారెన్షియస్ ఆంద్రెయె అనే ఇద్దరు పండితులు రాజుకు కుడిభుజాల్లాంటివారు. రాజు చర్చిని పూర్తిగా తన గుప్పిట్లోకి తీసుకోబోతే వాళ్ళు సమ్మతించలేదు. 1540 తొలి రోజుల్లో ఆ ఇద్దరికీ మరణశిక్ష పడింది. తర్వాత జరిమానాతో వదిలిపెట్టారు. అగ్రికోలా కొలువులో కుదురుకుంటున్నది సరిగ్గా అప్పుడే. రాజు చేతి నీడ ఎంత చల్లనిదో అంత బరువైనదని ఆయనకు తెలియకుండా ఉండదు.

1543లో ఆయన మొదటి పుస్తకం అచ్చయింది. 'అబ్త్సే కిరియా', అంటే అక్షరాల పుస్తకం. మన పెద్దబాలశిక్ష కంటే చాలా చిన్నది, పదహారు పుటలు. అక్షరమాల, పది ఆజ్ఞలు, కొన్ని ప్రార్థనలు, అంకెలు. ఫిన్లాండ్‌లో అచ్చుయంత్రమే లేదు. 1642 దాకా రాలేదు. కాబట్టి రాతప్రతి సముద్రం దాటి స్టాక్‌హోమ్ వెళ్ళి పుస్తకమై తిరిగిరావాలి. ఆ మొదటి ముద్రణకు నేడు పూర్తి ప్రతి ఒక్కటీ మిగల్లేదు. తర్వాతి కాలంలో వేరే పుస్తకాలకు అట్టలు గట్టిపరచడానికి బైండింగువాళ్ళు పాత కాగితాలుగా వాడుకున్న ముక్కల్లోంచి దాని పుటలను ఏరుకున్నారు. ఒక భాష తొలి పుస్తకం మరో పుస్తకం అట్టలో దాక్కుని బతికింది!

మరుసటి ఏడాది 1544లో ప్రార్థనల పుస్తకం వచ్చింది. ఇది చిన్నది కాదు, దాదాపు 900 పుటలు. అందులో పంచాంగం ఉంది, ఆరోగ్య సూత్రాలున్నాయి, నక్షత్రాల విషయాలున్నాయి. చిన్న గ్రంథాలయంలాంటిది. మోటు భాషలో చేస్తే ప్రార్థన చెల్లుతుందా అనే సందేహం ఆనాడు సహజం. భగవంతుడికి భాషల లోటు లేదని, మనసులెరిగినవాడికి ఫిన్నిష్ మాత్రం తెలియకపోతుందా అని ఆయన సమాధానపరచిన తీరు చదివి నేను పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోయాను. గుళ్ళో తెలుగులో అర్చన చేయడమా అని ముక్కున వేలేసుకున్నవాళ్ళను చూసినవాణ్ణి మరి.

1548లో కొత్త నిబంధన వెలువడింది. 718 పుటలు, మధ్యమధ్య చెక్క అచ్చుల బొమ్మలు. పదకొండేళ్ళ శ్రమ. మూల గ్రీకు, లాటిన్, లూథర్ జర్మన్, స్వీడిష్ ప్రతులన్నీ ముందు పెట్టుకుని, టుర్కు పరిసరాల మాండలికాన్ని ఆధారం చేసుకుని రాశాడు. రాసే పద్ధతి కుదురుకోని భాష కాబట్టి ఒకే మాట ఒక పుటలో ఒకలా, మరో పుటలో మరోలా కనిపిస్తుంది. మాటల్లేని చోట మాటలు చేశాడు. ఉదాహరణకు సింహం. ఆ మంచుదేశంలో సింహాన్ని చూసినవాడెవడు? దానికి 'యలోపెయురా' అన్నాడు. విడదీస్తే "ఘనమైన జింక" అని కూడా అర్థమొస్తుంది. చదివినవాడు కొమ్ములున్న మృగరాజును ఊహించుకున్నా తప్పులేదు! మన భాషలోకి బైబిలును తెచ్చినవాళ్ళకు ఇదే చిక్కు తిరగేసి ఎదురయింది. సింహానికి ఇబ్బంది లేదు, మంచు కురవడమే కష్టం. గోదావరి ఒడ్డు రైతుకు మంచంటే పుష్యమాసపు పొగమంచే కదా.

ఆ ఏడాదే, పదకొండేళ్ళ పని పుస్తకమై చేతికొచ్చిన 1548లోనే, పాఠశాలను పావలి యూస్తెన్ అనే మరో విట్టెన్‌బెర్గ్ పట్టభద్రుడికి అప్పగించమని రాజు ఉత్తరువిచ్చాడు. అగ్రికోలాకు ఇష్టం లేకపోయినా తప్పలేదు. ఇష్టం లేని పనే అయినా, తీసేస్తే బాధగానే ఉంటుంది. నా ఎర్ర సిరా గీతలు ఎంత చిన్నవో ఆ రోజు అర్థమైంది.

*

స్కుట్టే 1550లో పోయాడు. బిషప్పు లేకుండానే నాలుగేళ్ళు గడిచాయి. 1554లో గుస్తావ్ వాసా అగ్రికోలానూ యూస్తెన్‌నూ గ్రిప్స్‌హోమ్ కోటకు పిలిపించి, శతాబ్దాలుగా ఒకటిగా ఉన్న ఫిన్లాండ్ మేత్రాసనాన్ని రెండు ముక్కలు చేశాడు. టుర్కు అగ్రికోలాకు, వీపురి యూస్తెన్‌కు. బిషప్పు అన్న మాట కూడా రాజుకు ఇష్టం లేదు. అందులో పాత అధికారపు వాసన ఉంది. 'ఆర్డినారియస్' అనే పొడి పదవిపేరుతో సరిపెట్టాడు.

అప్పుడు అగ్రికోలా ఒక పని చేశాడు. ఆ ఏడాది సెప్టెంబరు 8న, మరియమాత జన్మదినాన, టుర్కు ప్రధానాలయంలో బిషప్పుల కిరీటం ధరించి పూజ జరిపాడు. ఈ సంగతి విని రాజు సంతోషించలేదని తర్వాత యూస్తెనే తన వృత్తాంతంలో రాసిపెట్టాడు. పదవి పేరు రాజు కత్తిరించాడు, ఈయన తలపాగా చుట్టుకుని చూపించాడు. బతుకంతటిలో రాజుకు ఆయన ఎదురునిలిచిన ఘట్టం నాకు కనబడినంతలో ఇదొక్కటే. అదైనా మాటతో కాదు, తలమీది బట్టతో.

ఇంకొకటి కూడా చెప్పుకోవాలి. 1551లో అచ్చయిన కీర్తనల గ్రంథానికి ఆయన రాసిన ముందుమాటలో ఫిన్నుల పాత దేవతల జాబితా ఒకటుంది. హమె ప్రాంతపువారు కొలిచేవారిని, కరేలియావారు కొలిచేవారిని విడివిడిగా పేర్కొన్నాడు. అడవికి తపియో, నీటికి అహ్తి, పాటలకు వైనామొయినెన్. అన్నీ అజ్ఞానమని నిందించడానికే రాశాడు. అయితే ఏం, ఆ పాత దేవతల పేర్లు మొదటిసారి అచ్చులోకెక్కింది వాళ్ళను కాదన్న బిషప్పు చేతిమీదుగానే. మూడు శతాబ్దాల తర్వాత జానపద గేయాలను సేకరించి 1835లో 'కలేవల' కావ్యంగా కూర్చిన ఎలియాస్ లోన్‌రోట్‌కు కథానాయకుడు ఆ వైనామొయినెనే. లోన్‌రోట్ పుట్టినరోజు కూడా, విచిత్రంగా, ఏప్రిల్ 9.

*

1554లో స్వీడన్‌కూ మాస్కోకూ సరిహద్దు తగాదా యుద్ధంగా మారింది. సంధి కోసం పంపిన రాయబారుల్లో ఆర్చిబిషప్పు లారెన్షియస్ పెట్రితోపాటు అగ్రికోలా కూడా ఉన్నాడు. 1557 తొలి నెలల్లో, మంచులో, బళ్ళమీద మాస్కోకు ప్రయాణం. అక్కడ సింహాసనం మీదున్నది భయంకరుడని పేరుపడ్డ ఇవాన్. స్వీడన్ రాజు తనతో సరితూగడని, నోవ్‌గొరోద్ పాలకుడితో మాట్లాడుకుంటే చాలునని అతని వాదం. చివరికి నలభయ్యేళ్ళ సంధి కుదిరింది. తిరుగుదారిలో, కరేలియా భూసంధిలోని ఒక పల్లెలో, ఏప్రిల్ 9న అగ్రికోలా కన్నుమూశాడు. వయసు నలభయ్యేడు ఉండవచ్చు. ఇంట్లో భార్య పిర్యో, ఆరేళ్ళ కొడుకు క్రిస్టియన్. తర్వాతి కాలంలో ఆ కొడుకు టాలిన్‌లో బిషప్పయ్యాడు.

చదువుకున్న ఊరు వీపురిలోనే ఆయన్ని పూడ్చిపెట్టారు. సమాధి ఎక్కడో నేడెవరికీ తెలియదు. 1944లో ఆ ఊరే ఫిన్లాండ్ చేజారి సోవియట్ రష్యాలో కలిసిపోయింది. ఏ సరిహద్దు నిలబెట్టడానికి వెళ్ళి ప్రాణం పోగొట్టుకున్నాడో ఆ సరిహద్దు ఆయన సమాధిని దాటి ఇవతలికి జరిగింది. ఆయన ముఖం ఎలా ఉండేదో చెప్పడానికి ఆ కాలపు చిత్రమైనా లేదు. కోట పోయింది, కిరీటం పోయింది, సంధి పోయింది, సమాధి పోయింది. మిగిలింది దాదాపు 2400 అచ్చుపుటలు, వాటిలో 8500 దాకా మాటలు. ఆ మాటల్లో సగానికి పైగా ఫిన్నులు ఇప్పటికీ వాడుతున్నారట.

*

రాజు ఏం కోరి ఈయన్ని పోషించాడు? ఫిన్నిష్ మీద ప్రేమతో కాదు. స్వీడిష్ బైబిలు 1541లోనే రాజు పేరుతో ఘనంగా వెలువడింది. పూర్తి ఫిన్నిష్ బైబిలు రావడానికి 1642 దాకా ఆగవలసి వచ్చింది. రాజుకు కావలసింది పోపుకు కాక తనకు జవాబుదారీగా ఉండే చర్చి. అటువంటి చర్చికి జనం భాషలో చెప్పగల పంతుళ్ళు కావాలి. ఆ పంతుళ్ళకు పుస్తకాలు కావాలి. రాజు అవసరమూ భాష అవసరమూ ఒక్క బిందువు దగ్గర కలిశాయి. ఆ బిందువు మీద నిలబడి అగ్రికోలా చేయగలిగినంత చేశాడు.

మన అచ్చు చరిత్ర కూడా ఇలాంటి బిందువు దగ్గరే మొదలైందని మరచిపోతాం. డెన్మార్క్ రాజు నాలుగవ ఫ్రెడరిక్ పూనికతో 1706లో తరంగంబాడిలో ఒక మిషను వెలసింది. దాని తరఫున 1719లో వచ్చిన బెంజమిన్ షుల్జ్, తర్వాత మద్రాసులో తెలుగు నేర్చుకుని బైబిలును తెనిగించాడు. అది అచ్చుకు నోచుకోలేదు గాని, తెలుగులో తొలి అచ్చు పుస్తకాలని మనం చెప్పుకునే చిన్న మతగ్రంథాలను ఆయన 1746–47లో జర్మనీలోని హాలే నగరంలో వేయించాడు. అగ్రికోలా చదువుకున్న విట్టెన్‌బెర్గ్‌కు హాలే దూరం కాదు. తర్వాతి కాలంలో ఆ రెండూళ్ళ విశ్వవిద్యాలయాలూ కలిసి ఒకటయ్యాయి కూడా.

అంతదాకా ఎందుకు? రాజరాజనరేంద్రుడు అడిగితేనే కదా నన్నయ భారతానికి పూనుకున్నాడు! ఈ మాట నాన్నగారితో అనవలసిందని చాలాసార్లు అనుకున్నాను. అనలేదు. అనుంటే ఆయన దగ్గర జవాబు ఉండేది కాదని కాదు. ఉండేదే, అదీ పద్యంలో. ఇప్పుడు ఆయన లేరు.

ఆయన మాటను ఇప్పుడు తప్పనను. పోతన చూపిన దారి ఒకటుంది, అది శిఖరం. ఆ శిఖరం మీద అందరూ నిలబడలేరు. కింద, కొలువుల్లో, అర్జీలు రాసుకుంటూ, పై అధికారుల కోపాలు కాచుకుంటూ, రాత్రిపూట దీపం కింద ఒక మృగానికి పేరు వెతికే హాలికులు కూడా ఉంటారు. రాజు ఉప్పు తిన్నందుకు రాజు చెప్పిన చోటికల్లా వెళతారు. అయినా ఆ ఉప్పుతో వాళ్ళు వండింది ఇంకెవరి ఆకలికోసమో.

ఆ ఉద్యోగం మానేసి చాలా ఏళ్ళయింది. మొన్నామధ్య మా ఊరి బడి ముందు నుంచి వెళుతుంటే ఒక పిల్లవాడు పాఠం గట్టిగా చదువుతున్నాడు. ఎర్ర సిరా గీత తప్పించుకున్న నా మాట ఒకటి వాడి నోట వినబడింది. అది ఎవరి రాతో వాడికి తెలియదు. తెలియవలసిన అవసరమూ లేదు. కాస్త నెమ్మదిగా నడిచాను.